కీబోర్డు కింద పసుపు

మా బీరువా పై అరలో, పాత స్వెట్టర్ల కింద, పదకొండేళ్లుగా ఒక చచ్చిపోయిన ల్యాప్‌టాప్ ఉంది. దాని సంచీ లోపలి జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. ఆ కాగితంలో ఏముందో ఈ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. అలా అనుకుంటున్నాను. మా ఆవిడ చదివేసిందేమోనని అనుమానం. చదివిందా, లేదా అని ఆమె ముఖంలో వెతుక్కోవడంతోనే ఇన్నేళ్లూ గడిచిపోయాయి.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని ఎన్నోసార్లు బయల్దేరి సగం దారిలో వెనక్కి వచ్చాను. నా పేరు మాత్రం చెప్పను. పిరికితనమే, కాదనను. పేరు తప్ప మిగతాదంతా జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు నా బుద్ధి సంగతి చెప్పాలి. రాయపూర్‌లో ఒక ఇనుము వ్యాపారి దగ్గర సరుకు చూసుకునే ఉద్యోగం నాది. లారీలోంచి దిగిన చువ్వల్లో ఏది మొదటి రకం, ఏది రెండో రకమో పట్టుకోవాలి. అంటే అనుమానించడానికే నాకు జీతం. ఆ బుద్ధిని సాయంత్రం గేటు దగ్గర వదిలేసి ఇంటికి రావచ్చు కదా? రాలేకపోయాను. పాలవాడి మీద అనుమానం, ఆటోవాడి మీద అనుమానం. మా ఆవిడ "కూరలో ఉప్పు సరిపోయిందా?" అంటే, ఎందుకడిగావు, ఎక్కువ వేశావా అని ఎదురడిగే మనిషిని. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో దానికి వేరే పీట వేసి మరీ వడ్డించాను.

మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు. అలా వచ్చిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు. చుట్టరికం ఉన్నా లేకపోయినా అందరం ఒకరికొకరం అన్నయ్యలం, వదినలం, మావయ్యలం. ఎవరు ఏది కొనాలన్నా తెలిసినవాణ్ని అడిగి కొంటారు. ల్యాప్‌టాప్ అయితే నన్ను అడిగేవారు.

నాకేం తెలుసని? చువ్వలు చూసినట్టే వాటినీ చూసేవాణ్ని. మూతను ఒక్క వేలితో ఎత్తాలి. కింది భాగం కదలకుండా మూత ఒక్కటే లేస్తే మంచి సరుకు. కీబోర్డు నడుమ బొటనవేలితో నొక్కాలి. కుంగితే చవక రకం. వెనక వైపు వేలితో తట్టి చెవి పెట్టాలి. ఈ మూడు పరీక్షలు చేసి, కాస్త ఆగి, గొంతు సవరించుకుని తీర్పు చెప్పేవాణ్ని. ఆ ఆగడంలో ఎంత సుఖం ఉండేదో! నలుగురు మన నోటివంక చూస్తుంటే మనకే తెలియకుండా ఛాతీ వెడల్పవుతుంది.

పదకొండేళ్ల కిందట నేను ఖరీదైన రకం కొన్నాను. ఒళ్లంతా లోహం, వెండి రంగు, పలక అంత పలచన. చీకట్లో అక్షరాల కింద దీపాలు వెలిగేవి. అదే వారం మా తోడల్లుడు రమణ అందులో సగం ధరకు నల్ల ప్లాస్టిక్‌ది కొన్నాడు. మూత తెరిస్తే కిర్రుమనేది. ఫ్యాను తిరిగితే పక్కింటివాళ్లు మిక్సీ వేశారేమో అనిపించేది. పైగా రమణ దాని మీది ప్లాస్టిక్ పొర ఊడదీయలేదు. కీబోర్డు మీద పల్చటి రబ్బరు తొడుగు కూడా తెచ్చి పరిచాడు. కొత్త సోఫాకు కవరు తీయని వంశం అని నేను నవ్వాను.

రమణ కోపం తెచ్చుకోలేదు. "మీది పట్టుచీర అన్నయ్యా, నాది బియ్యం బస్తా. బస్తాలో కనీసం బియ్యముంటాయి," అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట ముల్లులా దిగిపోయింది. దాదాపు రెండింతలు పోసి కొన్నవాడికి అది రెండింతలు మంచిదని రోజూ ఎవరో ఒకరు ఒప్పుకుంటూ ఉండాలి, లేకపోతే నిద్ర పట్టదు.

ఇప్పుడు సింహాచలం గురించి చెప్పాలి. ఈ పేరు రాయడానికే ఇంతసేపు చుట్టూ తిరిగాను.

అతని తండ్రి మా నాన్నతోపాటు రైల్వేలో ఖలాసీ. సింహాచలం నాకంటే పదేళ్లు చిన్నవాడు. తెలీబంధా పేట సందులో మిఠాయి కొట్టు మీది గది అద్దెకు తీసుకుని ల్యాప్‌టాప్‌లు బాగుచేసేవాడు. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. అంత మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకెప్పుడూ అనుమానమే. దసరా ఇంకా ఆరు రోజులుందనగా నా ల్యాప్‌టాప్‌లో పెద్ద డిస్క్ వేయించుకుందామని అతని దగ్గరకు వెళ్లాను. విప్పడానికి ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ కావాల్సి వచ్చింది. సగం భాగాలు జిగురుతో అతికించి ఉన్నాయి. అతను వాటిని చూస్తూ, "పైన సోకే గానీ అన్నయ్యా, లోపల సరుకు సవక వాటిలోదీ ఇదీ సానామట్టుకు ఒకటే. అవైతే పాడైనా ఏ సందులోనైనా బాగుసేసుకోవచ్చు," అన్నాడు.

నాకు చురుక్కుమంది. ఇతను కూడా బియ్యం బస్తా పార్టీయేనన్నమాట! అంతటితో ఊరుకోలేదు నా బుద్ధి. చవకవి కొనమని అందరికీ చెబుతున్నాడంటే, అవి పాడైతే బాగుచేసే పని ఎవరికి వస్తుంది? ఇతనికే కదా! అదీ లెక్క. ఇంటికొచ్చేసరికి నా మనసులో అతను పెద్ద జిత్తులమారి అయిపోయాడు. ల్యాప్‌టాప్ మాత్రం ఇంతకు ముందుకంటే చురుగ్గా పనిచేసింది. ఆ సంగతి పట్టించుకోవాలని నాకు తట్టలేదు.

దసరాకు ఆయుధ పూజ మా రైల్వే ఇళ్లలో గట్టిగా చేస్తాం. మా నాన్న వాడిన లాంతరు, కుట్టుమిషను, స్కూటరు తాళం, కత్తిపీట, అన్నీ కడిగి బొట్లు పెట్టి వరసగా పెడతాం. ఆ ఏడాది రమణ వాళ్లూ మా ఇంటికే వచ్చారు. రెండు ల్యాప్‌టాప్‌లూ పక్కపక్కన పీట మీద పెట్టాం.

"మూసి పెట్టండి," అంది మా ఆవిడ.

"సరస్వతి నోరు మూసి పూజ చేస్తామా?" అన్నాను.

ఎంత భక్తి! అసలు సంగతి వేరు. తెరిచి ఉంటే అక్షరాల కింద దీపాలు వెలుగుతాయి. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తారు. పక్కనే రమణది నల్లగా, గుడ్డిగా ఉంటుంది. నాదొక్కటే తెరిచి పెడితే తెలిసిపోతుందని అతనిదీ నేనే తెరిచాను. పసుపు నీళ్లలో మామిడాకు ముంచి, మంత్రం నాకు వచ్చినంత చదివి, రెండింటి మీదా మూడేసిసార్లు చల్లాను. చిన్నపాటి చల్లడం కాదు. ఇంటిపెద్దను కదా, ధారాళంగా చల్లాను.

మూడో రోజుకి నా ల్యాప్‌టాప్‌లో ఒక అక్షరం నొక్కితే ఇంకొకటి పడింది. నాలుగో రోజుకి తెర నల్లబడింది. రమణది మిక్సీలా మోగుతూ నడుస్తూనే ఉంది.

మీరిప్పుడు అనుకుంటారు, పూజ గుర్తు రాలేదా మానవుడా అని. రాలేదు. ఒట్టు. ఇది మీకు అర్థం కావాలి, ఎందుకంటే ఇంతవరకే నేను నిర్దోషిని. పూజలో చల్లిన నీళ్లు మా లెక్కలో నీళ్లు కావు. అవి అక్షింతల్లాంటివి, హారతి పొగలాంటివి. గ్లాసు ఒలికితే నీళ్లు, వాన కొడితే నీళ్లు. దేవుడి పేరు చెప్పి చల్లింది ఆశీర్వాదం. ఆశీర్వాదం వల్ల వస్తువు పాడవుతుందని ఎవరైనా అనుకుంటారా?

నాకు తట్టింది ఒకే ఒక్క పేరు. పది రోజుల ముందు దాన్ని విప్పినవాడు. లోపలి అసలు భాగాలు తీసి నకిలీవి పెట్టాడు. చువ్వల వ్యాపారంలో రోజూ చూసే మోసమే. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మిఠాయి కొట్టు మెట్లెక్కాను. అప్పుడు అక్కడ ఇంకో ఇద్దరు మన తెలుగువాళ్లే కూర్చుని ఉన్నారు. వాళ్లు వినాలనే గొంతు పెంచాను.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కీబోర్డు దగ్గర ముక్కు పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నీళ్లేటైనా పడ్డాయేటన్నయ్యా?"

"ఒక్క చుక్క పడలేదు."

"పిల్లలెవరైనా, టీ గానీ..."

"నా ఇంట్లో నాకు తెలియకుండా చుక్క పడదు. లోపల ఏం మార్చావో అది చెప్పు."

అతని ముఖం ఎర్రబడింది. "నానేటీ మార్సలేదన్నయ్యా. మీ ముందరే ఇప్పుతాను, సూడండి. ఇప్పి సూత్తే తెలిసిపోద్ది."

"మళ్లీ విప్పితే మిగిలినవి కూడా మాయం చేస్తావు. నాకు తెలీదా? ఇయ్యి ఇటు!" అని లాక్కుని మెట్లు దిగాను.

రెండు నిమిషాల పని. నాలుగు మరలు విప్పితే అంతా బయటపడేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లమేమో కూడా. ఎందుకు విప్పనివ్వలేదు? అతను దొంగిలిస్తాడని భయపడ్డానా, లేక అతను దొంగ కాదని తేలిపోతుందని భయపడ్డానా? 

ఖరీదైన రకం కదా, దాని సర్వీసు కేంద్రం అప్పట్లో మా ఊళ్లో లేదు. నాగపూర్ పంపించాను. మూడు వారాలకు బాగుచేయకుండానే తిరిగొచ్చింది, ఒక కాగితంతో. కాగితం మీద ఫోటో అచ్చు వేశారు. అక్షరాల కింద, లోపలి పలక మీద, పసుపు పచ్చటి మరకలు. లోపల ద్రవం పడి పాడైంది, వారంటీ వర్తించదు అని రాశారు. కింద ఇంకో వాక్యం ఉంది. అదనంగా వేసిన డిస్క్ సరిగ్గానే అమర్చి ఉంది, బాగా పనిచేస్తోంది, మిగతా భాగాలన్నీ కంపెనీవే.

ఆ పసుపు ఎక్కడిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. రమణది ఎందుకు బతికిందో కూడా అప్పుడే తెలిసింది. నేను నవ్విన రబ్బరు తొడుగు వల్ల. అతను ఆ రాత్రే తొడుగు తీసి దులిపి ఉంటాడు, అంతే. ఏ కంపెనీ గొప్పా కాదు, ఏ కంపెనీ తప్పూ కాదు. ఒకదాని మీద గొడుగుంది, ఒకదాని మీద లేదు. ఆ గొడుగు ఏ సందులోనైనా చిల్లరకు దొరికేది.

ఆ సాయంత్రమే తెలీబంధా వెళ్లి ఉంటే ఈ కథ మీకు చెప్పాల్సిన పనే ఉండేది కాదు. వెళ్దామనే చెప్పులు కూడా వేసుకున్నాను. మరి ఏమని చెప్పాలి? ఊరంతటికీ ల్యాప్‌టాప్‌లు ఎంచిపెట్టే పెద్దమనిషి తన ల్యాప్‌టాప్‌కు తనే పసుపు నీళ్లతో స్నానం చేయించాడని? రమణ జీవితాంతం చెప్పుకుని నవ్వుతాడు. చెప్పులు విప్పేశాను. కాగితం మడిచి సంచీ జేబులో పెట్టాను.

ఆ తర్వాతి ఆదివారం మా తెలుగు సంఘం సమావేశం. సంఘం గదిలో పిల్లలకూ ఆడవాళ్లకూ కంప్యూటర్ నేర్పడానికి ఎనిమిది ల్యాప్‌టాప్‌లు కొనాలనుకున్నారు. సింహాచలం, "చవక రకం కొందాం, ఏళ్ల తరబడి నేనే చూసుకుంటాను, అక్కడే నేనే నేర్పుతాను" అని రాసిచ్చాడు. అది దక్కితే అతను ఆ మిఠాయి కొట్టు మీద నుంచి కిందికి దిగి, రోడ్డు మీద సొంత బోర్డు పెట్టుకునేవాడు. వాళ్లమ్మ అప్పటికే నలుగురికీ చెప్పుకుని మురిసిపోతోంది కూడా.

అధ్యక్షులు రిటైరైన రైల్వే గార్డుగారు. అందరినీ చూసి, చివరికి నా వైపు తిరిగారు. "నువ్వు సీదా చెప్పవయ్యా. నీకు ఇతనితో అనుభవం ఉంది. భరోసా పెట్టొచ్చా, లేదా?"

సింహాచలం వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నా వైపే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. నాగపూర్ నుంచి కాగితం వచ్చే ఉంటుందని, అందులో ఏముందో నేను చదివే ఉంటానని, ఇప్పుడు చెబుతానని ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు.

నేనన్నాను: "ఆయన చేతిలో పెట్టిన పది రోజులకే నా ల్యాప్‌టాప్ పోయింది. అంతకంటే నేనేమీ అనను."

చూశారా? ఒక్క అబద్ధం లేదు ఇందులో. అక్షరం అక్షరం నిజం. అంత నిజమైన మాటతో అంత పెద్ద అబద్ధం చెప్పొచ్చని నాకు ఆరోజే తెలిసింది. పైగా "అంతకంటే అనను" అన్నందుకు నన్ను పెద్దమనిషి అన్నారు. పనిని ఒక పెద్ద షోరూముకు ఇచ్చారు. సింహాచలం లేచాడు. తను కూర్చున్న కుర్చీని తీసుకెళ్లి గోడ పక్కన మిగతా కుర్చీల మీద పేర్చి వెళ్లిపోయాడు.

తర్వాత నేను ఇంకేమీ చేయనక్కర్లేకపోయింది. మన ఇళ్లలో మాట ఎలా నడుస్తుందో మీకు తెలుసు. పోయింది అన్న మాట రెండో ఇంటికి పాడుచేశాడు అయింది, మూడో ఇంటికి లోపల సరుకు మార్చేస్తాడట అయింది. వాళ్లమ్మ సంఘం వనభోజనాలకు రావడం మానేసింది. ఏడాది తిరగకుండానే అతను తెలీబంధా గది ఖాళీ చేశాడు. పక్క ఊరు అభన్‌పూర్‌లో చిన్న కొట్టు పెట్టుకున్నాడని ఎవరో అన్నారు. ఎవరు ఆ మాట ఎత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ని. నోరు మాత్రం విప్పలేదు. తేలు కుట్టిన దొంగ ఎక్కడైనా అరుస్తాడా?

ఆ మరుసటి దసరాకు మా ఆవిడ కొత్త ల్యాప్‌టాప్‌ను మూసి, పైన స్టీలు పళ్లెం బోర్లించి పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. ఎందుకో ఆమె చెప్పనూ లేదు. అప్పటినుంచి ఏటా అంతే. ప్రతి ఏడూ పళ్లెం బోర్లిస్తూ నా వైపు ఒకసారి చూస్తుంది. మామూలుగానే చూస్తుందేమో. ఏమో!

కిందటి నెల ఆ చచ్చిన ల్యాప్‌టాప్‌ను సంచీలో పెట్టుకుని, కాగితంతో సహా, అభన్‌పూర్ బస్సెక్కాను. అతని ముందు పెట్టి, "విప్పి చూడు" అందామని. దారంతా ఆ రెండు మాటలే వల్లె వేసుకున్నాను.

కొట్టు కనుక్కోవడం కష్టం కాలేదు. లోపలికి అడుగుపెట్టగానే ముందు కనిపించింది అద్దం. పని బల్ల మీద, పైకప్పు నుంచి, క్షవరం దుకాణంలో ఉండేంత పెద్ద అద్దం ఏటవాలుగా వేలాడదీశాడు. ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్లకు అతని రెండు చేతులూ, విప్పిన వస్తువూ పూర్తిగా కనిపిస్తాయి. నేను చూసిన ఏ కొట్టులోనూ అలాంటిది లేదు. ఎవరి కోసం కట్టాడో నాకు తెలుసు.

అతని జుట్టు నెరిసింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు. నేను సంచీ తెరవలేదు. జేబులోంచి ఫోను తీసి, ఛార్జింగ్ ఎక్కడం లేదన్నాను. అది కూడా అబద్ధమే.

"కూకోండన్నయ్యా. అద్దంలోకి సూడండి. నా సేతులు కనిపిత్తాయి," అన్నాడు.

నన్ను గుర్తుపట్టాడా? అందరికీ చెప్పే మాటేనా? దెప్పాడా? ఆ గొంతులో వెతికాను. మెత్తగానే ఉంది, ఎప్పటిలాగే. నా వృత్తి విద్యంతా వాడి చూశాను, ఏమీ దొరకలేదు. ఫోను దులిపి ఇచ్చేస్తూ, "ఏటీ నేదు, దుమ్మే. డబ్బులొద్దు," అన్నాడు. నేను గుమ్మం దాకా వచ్చాక అడిగాడు.

"వదిన బాగున్నాదా? ఆ పాత లాప్‌టాపు ఏటయిందన్నయ్యా?"

సంచీ నా భుజానికే ఉంది. పట్టీ భుజంలోకి కోసుకుపోతోంది. "ఎప్పుడో పారేశాను," అన్నాను. తల ఊపాడు. నేను బస్సెక్కేశాను.

ఇదీ నా ఘనకార్యం. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు? అతణ్ని అడిగే మొహం నాకు లేదు. ఇది రాస్తున్నందుకు కూడా నా మీద నాకే అనుమానంగా ఉంది. సింహాచలం కోసం రాస్తున్నానా, నా గుండె బరువు దించుకోవడానికి రాస్తున్నానా? రెండోదే అయి ఉంటుంది. నాగపూర్ కాగితం ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. మడతల దగ్గర చిరిగిపోతోంది గానీ ఫోటోలో పసుపు మాత్రం పోలేదు. దీన్ని గార్డుగారికి చూపిస్తానని మాట ఇవ్వలేను. నా మాటకు విలువెంతో మీరు చూశారుగా.

ఒక్కటి మాత్రం చేయగలను. పదకొండేళ్ల కింద, మిఠాయి కొట్టు మీది గదిలో, అతను నన్నొక ప్రశ్న అడిగాడు. దానికి సరైన జవాబు ఇంతవరకు అతనికి చెప్పలేదు, కాగితం మీద కూడా. ఇప్పుడు చెబుతున్నాను.

పడ్డాయి, సింహాచలం. నేనే చల్లాను.